దాచుకొన్న దుఃఖం ఎవరి సొత్తు?

మన భాషలో ఒక చిన్న విశేషమున్నది. ఇద్దరు ఆప్తులు చాలకాలానికి కలిసి కూర్చుంటే వారు కష్టసుఖాలు చెప్పుకొన్నారని అంటాము గాని సుఖకష్టాలు చెప్పుకొన్నారని ఎవరూ అనరు. మా పర్లాకిమిడిలోని ఒడియా ఇరుగుపొరుగువారు కూడ అటువంటి సంభాషణను ‘దుఃఖసుఖం’ కావడమనే వ్యవహరిస్తారు. ఎన్నో విషయాలలో పేచీలు పడిన రెండు భాషలు ఈ ఒక్కచోట రాజీపడినవి. రెండింటిలోను అగ్రతాంబూలం కష్టానిదే. ‘మంచిచెడ్డలు’ అనే మాటలో మంచి ముందు నిలిచినది గదా అని ఎవరైనా అడుగవచ్చు. నిజమే. కాని మంచిచెడ్డలు విచారించేవారు పెద్దమనుషులు, సంబంధం కుదిర్చేవారు, అప్పు ఇచ్చేవారు. కష్టసుఖాలు చెప్పుకొనేవారు స్నేహితులు.

ఆచారంలో కూడ ఈ భేదం స్పష్టంగా ఉన్నది. పెండ్లికి ఇంటికి వచ్చి బొట్టుపెట్టి పిలువకపోతే తోడబుట్టినవారు సైతం అలుగుతారు. శుభలేఖ మూలలకు పసుపు అంటకపోయినా ఆక్షేపిస్తారు. చావు ఇంటికి మాత్రం పిలుపు లేదు. కబురు చెవిని పడితే చాలు, చేతిలోని పని వదలి పోవలసినదే. అక్కడినుండి బయలుదేరేటప్పుడు ‘వెళ్ళివస్తాము’ అని చెప్పము. మాటలేకుండ లేచి వస్తాము. సంతోషానికి పిలుపు కావాలి, దుఃఖానికి అక్కరలేదు అన్నది పెద్దలు చేసిన ఏర్పాటు.

రెండువేల మూడువందల ఏండ్ల క్రిందట గ్రీకుదేశంలో అరిస్టాటిల్ ఇదే విషయాన్ని మరొకవైపునుండి ఆలోచించినాడు. తన నీతిశాస్త్రంలోని పది భాగాలలో రెండింటిని పూర్తిగా మైత్రికే వినియోగించినవాడాయన. స్నేహితుల అవసరం కలిమిలో ఎక్కువా, లేమిలో ఎక్కువా అని తొమ్మిదవ భాగంలో ప్రశ్న వేసుకొన్నాడు. మన సంతోషానికి స్నేహితులను వెంటనే పిలువవలెననీ, మన కష్టానికి పిలిచేముందు జంకవలెననీ ఆయన అభిప్రాయం. మన మూలంగా మిత్రుడు బాధపడడం చూడడమే ఒక బాధ గదా! అదే నోటితో, మిత్రుడు ఆపదలో ఉన్నప్పుడు మాత్రం పిలువకపోయినా పోవలెనని కూడ చెప్పినాడు.

రెండు మాటలూ విడివిడిగా చూస్తే ఉదాత్తంగానే ఉన్నవి. పక్కపక్కన పెట్టి చూస్తే ఒక చిక్కు కనిపిస్తుంది. కష్టం వచ్చినవాడు చెప్పకూడదు. స్నేహితుడేమో పిలువకుండ రావలె. చెప్పనిదే తెలిసేదెట్లా? తెలియనిదే వచ్చేదెట్లా?

చిన్న ఊళ్ళలో ఈ చిక్కు ఇంతకాలం బయటపడకపోవడానికి కారణం మన సుగుణం కాదు. ఊరు చిన్నది కావడమే కారణం. పాలమనిషికి తెలిసినది చాకలికి తెలుస్తుంది, చాకలికి తెలిసినది మధ్యాహ్నానికి వీధివీధికీ తెలుస్తుంది. డాక్టరు ఎవరి ఇంటి ముందు దిగినాడో అరుగుమీది ముసలివారికి తెలుసు. కష్టపడేవాడు తన గౌరవం నిలుపుకొని నోరు మూసుకొన్నా, ఊరే నోరు విప్పి స్నేహితులను పంపించేది. మనం గొప్ప స్నేహధర్మమని పొగడుకొన్నదానిలో సగం పాలు ఈ ఊసులమారితనానిదే. ఆసుపత్రి విశాఖపట్నానికి మారిననాడు, కొడుకుల కాపురాలు భువనేశ్వరానికి, హైదరాబాదుకు, బెంగుళూరుకు తరలిననాడు ఊరి నోరు మూతబడింది. అప్పుడుగాని, నా కష్టాన్ని నా మిత్రునికి చెప్పవలసిన బాధ్యత నాకున్నదా అనే ప్రశ్న మాకు ఎదురుకాలేదు.

ఈ చర్చను గ్రంథాలకే వదలి ఊరుకొనేవాడిని. మా నలుగురి మధ్య జరిగిన ఒక సంగతి ఊరుకోనీయలేదు.

పర్లాకిమిడి ఎటువంటి ఊరో ఈ సంచిక చదివేవారిలో పెద్దలకు తెలుసు, పిన్నలకోసం రెండు మాటలు చెబుతాను. ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రమేర్పడినప్పుడు అందులో చేరినది. మహేంద్రతనయకు అవతల పాతపట్నం ఆంధ్రలో నిలిచింది, ఇవతల మేము ఒరిస్సాలో నిలిచినాము. అత్తవారిల్లు ఒక రాష్ట్రం, పుట్టిల్లు ఒక రాష్ట్రం అయినవి. 1880లో ఉపాధ్యాయుడుగా వచ్చి, అర్ధశతాబ్దికి పైగా ఇక్కడ కాపురముండి, సవర భాషకు ఎనలేని సేవచేసిన గిడుగు రామమూర్తిగారు ఆ 1936లోనే నిరసనగా ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరినారు. 1940లో కాలం చేసినారు. వాడుకభాషకోసం పోరాడిన ఆ మహనీయుడు ఈ వ్యాసంలోని భాష చూస్తే నన్ను బల్లమీద నిలబెట్టేవారేమో! ఆయన వెళ్ళినారు, మా తాతలు ఉండిపోయినారు. ఎందుకుండిపోయినారని చిన్నతనంలో అడిగితే మా తాతగారు పొలం మాట చెప్పలేదు, ఇల్లు మాట చెప్పలేదు. “ఎదురింటివాళ్ళు ఉన్నారు గదరా” అన్నారు.

నౌపడ జంక్షనునుండి మా ఊరికి 1900నాటినుండి ఒక చిన్న రైలు నడిచేది. రెండడుగుల ఆరంగుళాల పట్టాలు. తరువాత గుణుపురం వరకు సాగినది. ఆ స్టేషను బయట ఒక రాతిబల్ల ఉండేది. సాయంత్రపు బండి వచ్చే వేళకు మేము నలుగురం అక్కడ చేరేవాళ్ళము. ముగ్గురం ఒకే బడిలో చదివినవాళ్ళం. ఒకడు లెక్కల ఉపాధ్యాయుడైనాడు గనుక సమవయస్కుడైనా మాకందరికీ మాస్టారే. ఒకడికి బజారులో బట్టల దుకాణం, అతనిని షావుకారు అనేవాళ్ళము. నేను కచేరీలో గుమాస్తాను. నాల్గవవాడు తపాలా ఉద్యోగి, ఒడియా బ్రాహ్మణుడు. మాతో బడిలో లేడు గాని బల్లమీద చోటు ఎన్నడో సంపాదించినాడు. అతనిని పోస్టుబాబు అనేవాళ్ళము. బల్లమీద ముగ్గురికే సుఖంగా చోటుండేది. నలుగురం కూర్చుంటే అంచున ఉన్నవాడు ఒక కాలు నేలకు ఆన్చి కూర్చోవలసి వచ్చేది. ఆ అంచు ఎప్పుడూ మాస్టారిదే. అడిగితే గాలి బాగా వస్తుందనేవాడు.

1994 వైశాఖంలో షావుకారు పెద్దకూతురి పెండ్లి. ఆ ఏడు మాఘంనుండి మాస్టారు నెలకు రెండుసార్లు భార్యతో విశాఖపట్నం వెళ్ళివచ్చేవాడు. మనుమని చూడడానికని చెప్పేవాడు. పెండ్లిలో అందరికంటె ఎక్కువ పనిచేసినది అతడే. భోజనాల పందిట్లో నడుముకు కండువా బిగించి లడ్డూలు వడ్డించినాడు. అతని భార్య పట్టుచీర కట్టుకొని వచ్చి పెండ్లిపీటల దగ్గర మంగళహారతి పాడినది. చిక్కిపోయినారేమమ్మా అని ఎవరో అంటే ఉపవాసాలండీ అని నవ్వినది. రథయాత్ర వెళ్ళిన మూడవనాడు ఆమె చనిపోయినది. ఏడాదిగా కడుపులో పుండు. డాక్టర్లు ఫాల్గుణంలోనే చేతులెత్తేసినారు.

కబురు వినగానే షావుకారు దుకాణం తలుపులైనా వేయకుండ పరుగెత్తి వచ్చినాడు. పాడెకు భుజమిచ్చినాడు. పన్నెండవనాటి వరకు ఏ లోటూ రానీయలేదు. పదమూడవనాటినుండి బల్లదగ్గరకు రావడం మానివేసినాడు.

నేను దుకాణానికి వెళ్ళి అడిగినాను. “ఆ చెల్లెమ్మ మరణవేదన పడుతూ నా కూతురికి హారతి పాడినదిరా. నేను ఇంకోసారి పాడమన్నాను. గొంతు బాగుందమ్మా అన్నాను. నా ఇంటి పెండ్లిలో నేను నవ్విన నవ్వంతా ఇప్పుడు దొంగసొమ్ములా ఉన్నది. ఎవరికి తిరిగి ఇయ్యను?” అన్నాడు. గజం బద్దతో బల్లమీద కొట్టినాడు. గుడ్డ కొనడానికి వచ్చిన ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోయినారు.

ఎవరిది తప్పు? ఊరిలో చాలమంది మాస్టారిని మెచ్చుకొన్నారు. స్నేహితుని శుభకార్యానికి తన అశుభాన్ని అడ్డురానీయని మహానుభావుడన్నారు. అరిస్టాటిల్ కూడ అదే అని ఉండును. నేనుకూడ పైకి అట్లాగే అన్నాను. కాని షావుకారు మాట మనసులో ముల్లులా ఉండిపోయినది. పెండ్లికి పిలిచి, చేతిలో పళ్ళెం పెట్టి వడ్డించమన్నవాడు స్నేహితుడే అయితే, వడ్డించేవాని గుండెలో ఏమున్నదో తెలియనీయకుండ ఉంచడం అతనిని స్నేహితుని స్థానంనుండి అతిథి స్థానానికి దింపడం కాదా? అతిథికి మన ఇంటి దుఃఖం చెప్పము. ఆ మర్యాద అతిథికి తగినది. చిన్ననాటి నేస్తానికి అదే మర్యాద చేస్తే అవమానం.

ఈ సందర్భంలో కుచేలుని కథ జ్ఞాపకం వస్తుంది. భార్య పంపగా ద్వారకకు వెళ్ళిన ఆ పేద బ్రాహ్మణుడు నోరు విప్పి తన దరిద్రం చెప్పనేలేదు. తెచ్చిన అటుకులను సైతం దాచుకొన్నాడు. కృష్ణుడు ఆ అటుకులను లాక్కొని తిన్నాడేగాని, ఇచ్చిన సంపద మాట తానూ చెప్పలేదు. ఒకడు లేమిని దాచినాడు, మరొకడు ఈవిని దాచినాడు. ఈ కథ విన్నప్పుడల్లా మనం ఆ మౌనాన్ని చూచి కరగిపోతాము. కాని అక్కడ అవతలివాడు సర్వజ్ఞుడని మరచిపోతాము. భగవంతుని దగ్గర మౌనం చెల్లుతుంది. ఆయనకు చెప్పకపోయినా తెలుసు. బట్టల కొట్టువానికి చెప్పకపోతే ఎట్లా తెలుస్తుంది?

రామసుగ్రీవుల స్నేహం ఇంకొక పాఠం. ఒకడు భార్యను పోగొట్టుకొన్నవాడు, మరొకడు భార్యనూ రాజ్యాన్నీ పోగొట్టుకొన్నవాడు. ఇక మన సుఖదుఃఖాలు ఒక్కటేనని అగ్నిసాక్షిగా చేతులు కలిపినారు. దుఃఖం ఇద్దరిలోను సమంగా ఉన్నంతవరకు ఆ మాట నిలిచినది. ఒకనికి సుఖం రాగానే బీట వేసినది. సుగ్రీవుడు కిష్కింధలో భోగాలలో మునిగి ఉంటే, రాముడు కొండగుహలో వానాకాలమంతా ఎదురుచూచినాడు. లక్ష్మణుడు కోపంతో వెళ్ళవలసి వచ్చినది. సుగ్రీవుని పక్షాన చెప్పవలసినదొకటున్నది. హనుమంతుడు జ్ఞాపకం చేయగా సేనలకు అదివరకే కబురు పంపినాడు. అయినా తానై రాముని దగ్గరకు పోలేదు. సుఖంలో ఉన్నవాడు దుఃఖంలో ఉన్నవాని ముఖం చూడడానికి భయపడతాడు. అది కృతఘ్నత కాదు, ఒకవిధమైన సిగ్గు. మాస్టారు షావుకారును ఈ సిగ్గునుండి కాపాడదలచినాడేమో! కాని సిగ్గుపడే అవకాశం కూడ స్నేహంలో ఒక భాగమే గదా అని ఇప్పుడు అనిపిస్తున్నది.

పోస్టుబాబు సంగతి చెప్పకపోతే అన్యాయం. కర్మ జరిగిన ఆ పన్నెండు రోజులు అతడు ప్రతిసాయంత్రం వచ్చి మాస్టారి అరుగుమీద గంటసేపు కూర్చున్నాడు. తెలుగు మనకంటె చక్కగా మాట్లాడుతాడు. అయినా పదిమాటలు ఆడి ఉండడు. మేము తెలుగువాళ్ళం మాత్రం వేదాంతమంతా చెప్పినాము. తరువాత చాలకాలానికి మాస్టారు నాతో అన్నాడు, ఆ రోజులలో తాను ఏడ్వగలిగినది ఒక్క పోస్టుబాబు ముందేనని. పరామర్శలో భాష పాలు ఎంత అన్నది, భాషకోసం ఇంత తపనపడే మనం ఒకసారి ఆలోచించుకోవలసిన సంగతే.

రెండు వానాకాలాలు గడచినవి. 1996 కార్తికంలో ఒక సాయంత్రం పోస్టుబాబు షావుకారు చేయిపట్టుకొని బల్లదగ్గరకు తీసుకొని వచ్చినాడు. ఏమి చెప్పి తెచ్చినాడో నాకిప్పటికీ తెలియదు. చాలసేపు ఎవరూ మాట్లాడలేదు. బండి వచ్చి వెళ్ళినది. అప్పుడు మాస్టారు తానే ఎత్తుకొన్నాడు.

“పెండ్లికి ముందు దాచినది ఆమె మాటమీద. ఆడపిల్ల పెండ్లికళ పోగొట్టవద్దని చేతిలో చేయి వేయించుకొన్నది. అది తప్పని నేననను. పెండ్లి అయినతరువాత నలభైరోజులు దాచినది మాత్రం నేను. అది మీకోసం కాదురా. మీరు నలుగురూ వచ్చి నా ముఖం జాలిగా చూస్తారే, అది పడలేక. గర్వం” అన్నాడు.

షావుకారు తలవంచుకొని విన్నాడు. “నువ్వు ముందే చెప్పినా నేను ముహూర్తం మార్చేవాణ్ణి కాదురా” అన్నాడు చివరకు. “మగపెళ్ళివారు ఒప్పుకొనేవారు కాదు. భోజనాలకు డబ్బు కట్టేసినాను. అయ్యో అని, పెండ్లి చేసేవాణ్ణే. అది నాకు తెలుసును. నా కోపం నీమీద కాదేమో!”

రెండేళ్ళుగా దొంగసొమ్మని మథనపడినదానికి మూలం ఇదన్నమాట. మిత్రుని దుఃఖం తెలిసి కూడ తన సుఖాన్ని ఆపుకోలేని మనిషినని తనకు తాను ఒప్పుకోవలసి రావడం. మాస్టారి మౌనం అతనిని ఆ పరీక్షనుండి తప్పించినది. తప్పించినందుకే అతడు క్షమించలేకపోయినాడు. నేను చదివిన ఏ నీతిగ్రంథంలోను ఈ చిక్కు కనబడలేదు. ఉపకారం పొందినవాడు ఆ ఉపకారంవలననే తన కొలత తెలుసుకొంటాడు, ఆ కొలత చిన్నదైతే ఉపకారిమీదనే కోపం వస్తుంది.

ఆనాటినుండి మళ్ళీ నలుగురమైనాము. 2004లో చిన్నరైలు ఆగిపోయినది. తరువాత పెద్దపట్టాలు వేసినారు, కొత్త స్టేషను కట్టినారు. రాతిబల్ల ఏమైనదో తెలియదు. సిమెంటు బల్లలు వచ్చినవి, వాటిమీద నలుగురికీ చోటున్నది. మాస్టారు మాత్రం అలవాటుకొద్దీ అంచునే కూర్చునేవాడు. మా పిల్లలకు ఈ గొడవ చెబితే నవ్వుతారు. వారి స్నేహితులు నాలుగు దేశాలలో ఉన్నారు. దుర్వార్త ఒక్క నిమిషంలో ఫోనులో అందరికీ చేరుతుంది, ఒక్క నిమిషంలో అందరినుండీ చేతులు జోడించిన బొమ్మలు వస్తాయి. తప్పుపట్టను. చెప్పడమైతే వారు నేర్చుకొన్నారు. మేము నేర్చుకోలేదు. పిలువకుండ వచ్చి అరుగుమీద కూర్చునేవాడు వారికెవడైనా ఉన్నాడా అని మాత్రం అప్పుడప్పుడు దిగులు.

మాస్టారు పోయి మూడేళ్ళైనది. ఇక నేను వ్రాయదలచిన అసలు మాట వ్రాస్తాను.

1994 ఫాల్గుణంలో నేను కచేరీపనిమీద వెళ్ళి తిరిగివస్తూ నౌపడలో బండికోసం నిలుచున్నాను. మాస్టారు, అతని భార్య అదే ప్లాట్‌ఫారంమీద ఒక పెట్టెమీద కూర్చుని ఉన్నారు. ఆమె ఒడిలో ఆసుపత్రివారి పెద్ద కవరు ఉన్నది. నన్ను చూచి దాచబోయినది, వల్లకాలేదు. “అన్నయ్యగారూ, పందిరి విప్పేవరకైనా ఈ మాట ఊళ్ళోకి రానీయకండి” అన్నది. మాస్టారు నాచేత ఒట్టు పెట్టించుకొన్నాడు. షావుకారుకు అసలే తెలియకూడదన్నాడు. పందిరి విప్పినారు. ఆమె అడిగిన గడువు తీరినది. నేను చెప్పలేదు. శ్మశానంలో చితి అంటుకొన్న తరువాత షావుకారు నా భుజం పట్టుకొని “నీకు తెలుసునా?” అని అడిగినాడు. తెలియదని తల అడ్డంగా ఊపినాను.

కార్తికంనాటి ఆ సాయంత్రం మాస్టారు అన్నీ ఒప్పుకొన్నాడు గాని నా పేరు ఎత్తలేదు. ఒకసారి నావైపు చూచినాడు. నేను పట్టాలవైపు చూచినాను. నన్ను కాపాడినాడనుకొన్నాను అప్పుడు. ఇప్పుడాలోచిస్తే, నేను చెప్పడానికి చోటు వదలినాడని తోస్తున్నది. నేను ఆ చోటును దాదాపు ముప్పై ఏండ్లు ఖాళీగా ఉంచినాను. ఒట్టు అడ్డమని చెప్పుకొన్నాను. ఒట్టు పెట్టించుకొన్నవాడే రహస్యం విప్పినతరువాత ఇక ఒట్టెక్కడిది? మాస్టారు తన మౌనానికి గర్వమని పేరు పెట్టుకోగలిగినాడు. నాదానికి అంత గౌరవమైన పేరు కూడ దొరకదు. ఇద్దరిలో ఎవరి కోపానికీ గురికాకుండ ఇద్దరికీ కావలసినవాడుగా ఉండదలచినాను, అంతే.

ముఖాముఖిగా చెప్పవలసినది అచ్చులో చెప్పడం పిరికితనమని ఎవరైనా అంటే కాదనను. నోటితో చెప్పబోయిన ప్రతిసారీ మాట మార్చినాను. అచ్చులో పడినదానిని మార్చలేను. షావుకారుకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. మన సంఘసంచిక వచ్చిననాడు మనుమరాలిచేత మొదటినుండి చివరవరకు చదివించుకొంటాడు, ప్రకటనలు కూడ వదలడు. ఈ పుట దగ్గర ఆ పిల్ల ఆగుతుందో, చదువుకొంటూ పోతుందో తెలియదు.

ఆదివారం సాయంత్రం బండివేళకు ఎప్పటివలెనే నేను స్టేషను దగ్గర ఉంటాను. పోస్టుబాబు వస్తానన్నాడు.